లాటినోలకు తగిన ఆరోగ్య పాఠం: మార్చవలసింది ఏది, ఉంచవలసింది ఏది?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ నగరం. 1990ల చివర అక్కడి 35 మాధ్యమిక పాఠశాలలు ఒక ప్రయోగంలో పాలుపంచుకున్నాయి. పిల్లలు సిగరెట్లు, మద్యం, గంజాయి జోలికి పోకుండా చూడటానికి తయారుచేసిన పాఠాలవి. పేరు 'కీపిన్ ఇట్ రియల్'. ఎవరైనా సిగరెట్టు చేతిలో పెట్టబోతే తప్పుకునే దారులు నాలుగు నేర్పుతారు: వద్దనడం, ఎందుకు వద్దో చెప్పడం, అలాంటి చోటికే పోకపోవడం, పోయినా లేచి వచ్చేయడం. పాఠం ఒకటే గానీ దానికి మూడు ప్రతులు రాశారు. మొదటిది మెక్సికన్-అమెరికన్ కుటుంబాల విలువలను ఆధారం చేసుకున్నది. రెండోది తెల్లజాతి, నల్లజాతి పిల్లల అనుభవాల నుంచి అల్లినది. మూడోది ఆ రెండింటినీ కలిపినది. ఏ బడికి ఏ ప్రతి వెళ్లాలో యాదృచ్ఛికంగా నిర్ణయించారు. కొన్ని బడులకు ఏ ప్రతీ ఇవ్వకుండా పోలిక కోసం ఉంచారు.

మెక్సికన్ మూలాలున్న పిల్లలకు మెక్సికన్ ప్రతి బాగా పట్టాలి కదా? పాఠాలు పనిచేశాయి. మెక్సికన్ ప్రతీ, కలగలుపు ప్రతీ రెండూ మేలు చేశాయి. అయితే 'తమ' ప్రతి చదివిన పిల్లలకు కలగలుపు ప్రతి చదివినవారికంటే ఎక్కువ మేలు జరిగిందనడానికి ఆధారం దొరకలేదు.

సంస్కృతికి తగినట్టు ఆరోగ్య కార్యక్రమాలను మలచాలి అనే పరిశోధనా రంగానికి ఈ ఫలితం కంటిలో నలుసు లాంటిది. ఆ రంగం తప్పని ఇది రుజువు చేయదు. కానీ 'వాళ్ల సంస్కృతికి తగినట్టు చేస్తే బాగా పనిచేస్తుంది' అన్న వాక్యంలో 'తగినట్టు' అంటే ఏమిటి, 'బాగా' అంటే దేనికంటే బాగా అని నిలదీస్తుంది. ఈ వ్యాసం నడిచేది ఆ రెండు మాటల వెంటే.

ఇప్పుడెందుకు ఈ చర్చ

అమెరికాలో వైద్య పరిశోధనకు అతిపెద్ద ప్రభుత్వ దాత జాతీయ ఆరోగ్య సంస్థలు, పొట్టి పేరు ఎన్ఐహెచ్. ఆ నిధులతో జరిగే చికిత్సా పరిశోధనల్లో స్త్రీలు, మైనారిటీ జాతులవారు తప్పనిసరిగా ఉండాలని 1993లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసింది. లాటినోలపై, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవారిపై, నివారణ పరిశోధన ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో బాగా విస్తరించింది. 2025 తొలి నెలల నుంచి ఎన్ఐహెచ్ వందలకొద్దీ గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. వాటిలో జాతుల మధ్య ఆరోగ్య అసమానతలపై నడుస్తున్నవి చాలా ఉన్నాయి. ఆ జూన్‌లో బోస్టన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి విలియం యంగ్ ఈ రద్దులు చట్టవిరుద్ధమన్నారు. ఆగస్టులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ తీర్పు అమలును చాలావరకు ఆపింది. దాంతో పరిశోధకుల మధ్యే తిరిగే ఒక ప్రశ్న పత్రికల్లోకి వచ్చింది: ఒక్కో జాతికి ఒక్కో ఆరోగ్య పాఠం ఎందుకు, ఇది శాస్త్రమా, రాజకీయమా?

ముందు మాటల అర్థాలు

నివారణ అంటే రోగం రాకముందే ఆపడం. అంచున ఉన్నవారిని వెనక్కి లాగడమూ, వచ్చిన జబ్బు ముదరకుండా చూడటమూ విశాలార్థంలో అందులోకే వస్తాయి. టీకాలు, క్యాన్సర్ ముందస్తు పరీక్షలు, మధుమేహం రాకుండా బరువు తగ్గించుకోవడం, పిల్లలు మత్తుకు దూరంగా ఉండటం, ఇవన్నీ ఈ గొడుగు కిందివే. చికిత్సకూ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. నొప్పి ఉన్నవాడు ఆసుపత్రిని వెతుక్కుంటూ వస్తాడు. నివారణ కార్యక్రమమైతే నొప్పి లేని మనిషిని వెతుక్కుంటూ వెళ్లాలి, అతని వంటింట్లోకి, పెళ్లి భోజనాల్లోకి, తండ్రీకొడుకుల మాటల మధ్యకు దూరాలి. సంస్కృతి ప్రసక్తి చికిత్సలో కంటే ఇక్కడ ఎక్కువగా రావడానికి కారణం అదే.

సాంస్కృతిక అనుకూలీకరణ అంటే ఒకచోట పనిచేస్తుందని రుజువైన కార్యక్రమాన్ని మరో సమూహం భాషకూ అలవాట్లకూ విలువలకూ బతుకు పరిస్థితులకూ సరిపోయేలా ఒక పద్ధతి ప్రకారం మార్చడం. 'పద్ధతి ప్రకారం' అన్నది ముఖ్యం. ముందు ఆ సమూహంలోని మనుషులతో కూర్చుని మాట్లాడతారు, ముసాయిదా రాస్తారు, కొద్దిమంది మీద ప్రయత్నించి చూస్తారు, దిద్దుతారు, ఆ తర్వాతే పెద్ద ఎత్తున పరీక్షిస్తారు. కరపత్రాన్ని స్పానిష్‌లోకి తర్జుమా చేసి, మీద ఒక గిటారు బొమ్మ వేస్తే అది అనుకూలీకరణ కాదు. అలాంటివీ బోలెడు జరిగాయనుకోండి.

'లాటినో' గొడుగు కింద ఎవరెవరు

2020 జనగణన ప్రకారం అమెరికాలో లాటినోలు 6.21 కోట్ల మంది, జనాభాలో 18.7 శాతం. ఈ గుర్తింపు కొంతవరకు ప్రభుత్వ దస్తావేజుల్లో పుట్టినదే. 1977లో ఫెడరల్ బడ్జెట్ కార్యాలయం 'హిస్పానిక్' అనే వర్గాన్ని అధికారికంగా నిర్వచించింది, 1997లో దానికి 'లాటినో' అనే మాట చేర్చింది. తరాలుగా టెక్సాస్‌లో ఉంటున్న మెక్సికన్ కుటుంబం, క్యూబా విప్లవం నుంచి పారిపోయి మయామీ చేరిన వ్యాపారి, పుట్టుకతోనే అమెరికా పౌరసత్వం ఉన్న ప్యూర్టోరికన్, నిన్న సరిహద్దు దాటిన గ్వాతెమాల రైతుకూలీ, ఇందరూ ఒకే గడిలో టిక్కు పెట్టాలి. ఆ గ్వాతెమాల మనిషి ఇంటిభాష స్పానిష్ కాక మాయా భాషల్లో ఒకటై ఉండవచ్చు కూడా.

ఈ తేడాలు రోగాల్లోనూ కనిపిస్తాయి. బ్రాంక్స్, షికాగో, మయామీ, సాన్ డియేగోలలో 2008-2011 మధ్య 16,415 మంది లాటినోలను చేర్చుకున్న అతిపెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో మధుమేహం మొత్తం మీద 16.9 శాతం. విడదీసి చూస్తే దక్షిణ అమెరికా మూలాలవారిలో 10.2, క్యూబన్లలో 13.4, మెక్సికన్లలో 18.3. పై నుంచి కిందికి దాదాపు రెండింతల తేడా. ఉబ్బసమైతే ప్యూర్టోరికన్లలో చాలా ఎక్కువ, మెక్సికన్లలో తక్కువ. అలాంటప్పుడు 'లాటినోల కోసం' అని రాసిన కార్యక్రమం నిజానికి ఎవరి కోసం?

ఇంకో చిక్కు ఉంది. సగటున ఆదాయం తక్కువైనా, బీమా తక్కువైనా లాటినోల ఆయుర్దాయం తెల్లవారికంటే ఎక్కువ. దీన్ని 1986లో మార్కిడిస్, కొరీల్ అనే పరిశోధకులు ఎత్తిచూపారు. 2006 లెక్కల్లో లాటినోల ఆయుర్దాయం 80.6 ఏళ్లు, తెల్లవారిది 78.1. దీన్ని 'హిస్పానిక్ వైచిత్రి' అంటారు. పొగతాగడం తక్కువ కావడం, ఆరోగ్యవంతులే వలస రావడం, కుటుంబాల అండ, ఇలా కారణాలు చాలా చెబుతారు. మొదటిదాని వాటా పెద్దదని చూపిన అధ్యయనాలున్నాయి. కోవిడ్ కాలంలో ఈ ఆధిక్యం బాగా కరిగిపోయింది. ఏదేమైనా ఈ వైచిత్రి పరిశోధకులకు ఒక హెచ్చరిక చేసింది. సంస్కృతిని సరిదిద్దవలసిన లోపంగానే చూస్తే, అది కాపాడుతున్నదాన్ని కూడా ఊడబెరికే ప్రమాదం ఉంది.

పైపూత, లోపలి పొర

కెన్ రెస్నికో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1999లో ఇచ్చిన విభజన ఈ రంగంలో ఇప్పటికీ చెలామణిలో ఉంది. అనుకూలీకరణకు రెండు పొరలుంటాయన్నారు. పై పొరలో భాష, బొమ్మలు, సంగీతం, వంటకాలు, పాఠం చెప్పే మనిషి. లోపలి పొరలో ఆ సమూహం రోగాన్ని ఎలా అర్థం చేసుకుంటుంది, నిర్ణయం ఇంట్లో ఎవరు తీసుకుంటారు, ఎవరి మాటకు విలువ, చరిత్ర నుంచి మోసుకొస్తున్న భయాలేమిటి అన్నవి. పై పొర మనిషిని గదిలోకి రప్పిస్తుంది, లోపలి పొర అలవాటును మారుస్తుంది అన్నది వారి వాదన. అంతకు ముందే 1995లో ప్యూర్టోరికో విశ్వవిద్యాలయంలో గియెర్మో బెర్నాల్ బృందం ఎనిమిది అంశాల చట్రం ఒకటి తయారుచేసింది: భాష, మనుషులు, ఉపమానాలు, విషయం, భావనలు, లక్ష్యాలు, పద్ధతులు, సందర్భం.

పై పొర తేలికనుకోకండి. మందు సీసా మీద ఇంగ్లిషులో రోజుకు 'వన్స్' అని ఉంటుంది, అంటే ఒకసారి. సరిగ్గా ఆ నాలుగు అక్షరాలనే స్పానిష్ తెలిసినవారు 'ఓన్సే' అని చదువుతారు, అంటే పదకొండు. అమెరికా ఆరోగ్య వర్గాల్లో తరచూ చెప్పుకునే ఉదాహరణ ఇది. 2010లో బ్రాంక్స్ మందుల దుకాణాల్లో కంప్యూటర్లు తయారుచేసే స్పానిష్ చీటీలను పరీక్షిస్తే సగం దాకా ఏదో ఒక లోపంతో ఉన్నట్టు తేలింది.

లోపలి పొరకు వస్తే, పరిశోధకులు పదే పదే వాడే స్పానిష్ మాటలు కొన్ని ఉన్నాయి. 'ఫమిలిస్మో' అంటే వ్యక్తి కంటే కుటుంబం ముందు అనే భావన. 'రెస్పేతో' పెద్దల పట్ల మర్యాద. 'పెర్సొనలిస్మో' అంటే సంస్థను చూసి కాక మనిషిని చూసి వ్యవహరించడం. క్షేమసమాచారాలు అడగకుండా నేరుగా పనిలోకి దిగే నర్సు వాళ్లకు పొగరుబోతుగా కనిపిస్తుంది. 'కొన్‌ఫియాన్సా' అంటే కాలం మీద కుదిరే నమ్మకం. ఈ నమ్మకం ఊరికే కావలసింది కాదు. గర్భనిరోధక మాత్ర తొలి పెద్ద ప్రయోగాలు 1956 నుంచి ప్యూర్టోరికోలో పేద స్త్రీల మీద జరిగాయి. 1970లలో లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ మూలాల స్త్రీలు, తమకు అర్థం కాని కాగితాల మీద కాన్పు నొప్పుల మధ్య సంతకాలు పెట్టించుకుని పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేశారని కోర్టుకు వెళ్లారు. 1978లో ఆ కేసు ఓడిపోయారు. అలాంటి జ్ఞాపకాలున్న చోట తెల్లకోటు వేసుకుని వచ్చి 'పరిశోధన కోసం రక్తం ఇవ్వండి' అంటే ఏమవుతుందో ఊహించవచ్చు. అందుకే 'ప్రొమొతోరా'లు వచ్చారు. వాళ్లు అదే వాడలో ఉండి, అదే చర్చికి వెళ్లి, శిక్షణ పొంది ఇంటింటికీ తిరిగే మహిళలు. మన ఆశా కార్యకర్తలకు దూరపు చుట్టాలనుకోవచ్చు.

'సుస్తో' అనే మరో మాట చూడండి. అకస్మాత్తుగా కలిగే గట్టి భయం, దిగ్భ్రాంతి. మధుమేహం తనకు ఫలానా సుస్తో వల్లే వచ్చిందని చాలామంది మెక్సికన్-అమెరికన్లు చెబుతారు. పాఠం రాసేవారి ముందున్న దారులు మూడు: అది మూఢనమ్మకమని కొట్టిపారేయడం, చూసీచూడనట్టు దాటేయడం, దాన్నే తలుపుగా వాడుకోవడం. మంచి కార్యక్రమాలు మూడోదాన్ని ఎంచుకుంటాయి. మానసిక ఒత్తిడి చక్కెరను పెంచుతుందన్నది వైద్యం కూడా ఒప్పుకున్నదే కాబట్టి, అక్కడి నుంచి మొదలుపెట్టి తిండి, నడక, మందుల దాకా నడిపిస్తాయి. ఆహారాన్ని వేడి చేసేవి, చలువ చేసేవి అని విడదీసే అలవాటు లాటిన్ అమెరికాలోనూ ఉంది. మామిడిపండు తిని 'వేడి చేసింది' అనుకునే మనకు ఆ మనిషిని అర్థం చేసుకోవడానికి పెద్ద శిక్షణ అక్కర్లేదు.

ఎయిడ్స్ నివారణ కోసం ఫిలడెల్ఫియాలో 553 మంది లాటినో యువతీయువకులతో నడిచిన 'కూయిదాతే' కార్యక్రమం లోపలి పొరకు మంచి ఉదాహరణ. ఆ మాటకు అర్థం 'నిన్ను నువ్వు చూసుకో'. నల్లజాతి యువత కోసం రాసిన పాఠాన్నే ఇక్కడ మలిచారు. 'మచీస్మో' అనే మగతనపు గర్వాన్ని తిట్టకుండా, తనవాళ్లను కాపాడేవాడే మగాడు, కాబట్టి కండోమ్ వాడటం బాధ్యత అని దాని దిశ మార్చారు. 2006లో వెలువడిన ఫలితాలు అనుకూలంగానే ఉన్నాయి. కండోమ్ వాడకంలో లాభం ముఖ్యంగా స్పానిష్ మాట్లాడే పిల్లల్లో కనిపించింది. ఇంగ్లిషే ఇంటిభాషగా మారిన పిల్లలకు ఇదే పాఠం అంత అవసరమా అన్న సందేహాన్ని ఆ ఒక్క వివరం మిగిల్చింది.

తోర్తియా (మెక్సికన్ రొట్టె) మానేయమనకుండా: రెండు ఊళ్ల అనుభవం

టెక్సాస్ దక్షిణపు అంచున, రియో గ్రాండే నదికి ఇవతల స్టార్ కౌంటీ ఉంది. జనాభాలో నూటికి తొంభై ఐదుకు పైగా మెక్సికన్ మూలాలవారే, పేదరికం ఎక్కువ, మధుమేహం అంతకంటే ఎక్కువ. అక్కడ షారన్ బ్రౌన్, క్రెయిగ్ హానిస్ బృందం ఇప్పటికే మధుమేహం ఉన్న 256 మందితో చేసిన ప్రయోగం 2002లో వెలువడింది. పాఠాలు స్పానిష్‌లో, చెప్పేది స్థానిక మెక్సికన్-అమెరికన్ నర్సులు, ఆహార నిపుణులు, ఊరివాళ్లు. ఒక్కొక్కరూ ఇంట్లోంచి తోడుగా ఒకరిని తెచ్చుకోవాలి. ఇక్కడ ఫమిలిస్మో ఒక సిద్ధాంతంగా కాక పక్క కుర్చీలో కూర్చున్న భార్యగానో కొడుకుగానో కనిపిస్తుంది. ఏడాదిలో మొత్తం 52 గంటలు. వంట వదలమని చెప్పకుండా అదే వంటలో కొవ్వు, పరిమాణం ఎలా తగ్గించాలో చేసి చూపించారు. ఆరు నెలలకు, మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ, పోలిక బృందం కంటే 1.4 తక్కువగా ఉంది. ఇది పెద్ద తేడా. అయినా పాఠాలు విన్నవారి సగటు కూడా 10కి పైనే ఉంది. వైద్యులు సాధారణంగా 7 ఆశిస్తారు. రెండు వాక్యాలూ నిజమే. పత్రికల్లో మొదటిదే ఎక్కువ కనిపిస్తుంది.

రెండో ఊరికి వెళ్లేముందు ఒక మైలురాయి చూడాలి. మధుమేహ నివారణలో ప్రపంచమంతా చెప్పుకునే అమెరికన్ ప్రయోగం 'డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్' ఫలితాలు 2002లోనే వచ్చాయి. 27 కేంద్రాలు, 3,234 మంది. బరువులో 7 శాతం తగ్గించుకోవడం, వారానికి 150 నిమిషాల శ్రమ లక్ష్యాలు. మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే. సగటున 5.6 కిలోల బరువు తగ్గారు. లాటినోల కోసం ప్రత్యేకంగా రాయకపోయినా, ఫలితం జాతుల మధ్య తేడా లేకుండా కనిపించింది. అనుకూలీకరణ అక్కర్లేదనేవారు ముందుగా చూపించే ఆధారం ఇదే. అయితే అక్కడ శిక్షకులు ఒక్కొక్కరితో విడివిడిగా కూర్చునేవారు, ఎవరి అలవాట్లకు తగినట్టు వారికి సర్దేవారు. పేరు పెట్టని అనుకూలీకరణ అక్కడా జరిగింది. దానికి ఖర్చూ బాగానే అయింది.

ఆ పాఠాన్ని చవకగా, బృందాలుగా, స్పానిష్‌లో చెబితే ఏమవుతుంది? మసాచుసెట్స్‌లోని లారెన్స్‌లో, ఎక్కువగా కరీబియన్ మూలాలున్న 312 మంది తక్కువ ఆదాయపు లాటినోలతో చేసి చూశారు. చదువు తక్కువైనవారికి కూడా అందేలా టీవీ సీరియల్ తరహా కథలు వాడారు. ఏడాది తర్వాత సగటున తగ్గిన బరువు 2.5 పౌండ్లు, కిలోకి కాస్త పైన. పోలిక బృందం అర పౌండుకు పైగా పెరిగింది. తేడా ఉంది, చిన్నది. సంస్కృతికి తగినట్టు చేసినా 5.6 కిలోలు కిలో అయిందేమిటని కొందరు అడిగారు. అడగవలసిందే. కానీ రెండు చోట్లా మనుషులు వేరు, గంటలు వేరు, డబ్బు వేరు. ఇంతకీ ఫలితాన్ని తగ్గించింది ఏది, పెంచింది ఏది అన్నది ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే తేలదు.

దేనితో పోల్చి చూశారు?

ఇదే ఈ రంగంలో అసలు ముడి. ఒక ఊహాజనిత ఉదాహరణతో విప్పుదాం. వందేసి మంది ఉన్న మూడు బృందాలనుకోండి. మొదటి బృందానికి ఏమీ చెప్పలేదు, అయినా ఏడాదిలో 10 మంది తగినంత బరువు తగ్గారు. రెండో బృందానికి మామూలు కార్యక్రమం, 28 మంది తగ్గారు. మూడో బృందానికి సంస్కృతికి తగినట్టు మలిచిన కార్యక్రమం, 34 మంది తగ్గారు.

పరిశోధకులు మొదటి, మూడో బృందాలతోనే అధ్యయనం చేస్తే? 'మలిచిన కార్యక్రమంతో 10 నుంచి 34కు' అని రాస్తారు. అది అబద్ధం కాదు. కానీ ఆ 24 మందిలో 18 మందికి మేలు చేసింది కార్యక్రమం, మలచడం వల్ల అదనంగా వచ్చింది ఆరుగురే. ఆరుగురి తేడా చిన్నదేమీ కాదు, లక్షల మందికి వర్తిస్తే చాలా పెద్దది. చిక్కల్లా దాన్ని పట్టుకోవడంలో ఉంది. 10కీ 34కీ మధ్య తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఒక్కో బృందంలో నలభై, యాభై మంది చాలు. 28కీ 34కీ మధ్య తేడాను అంతే ధీమాగా చెప్పాలంటే ఒక్కో బృందంలో తొమ్మిది వందల మందికి పైగా కావాలి. అంత డబ్బు ఇచ్చేవారు అరుదు. అందుకే ఎక్కువ అధ్యయనాలు తేలికైన ప్రశ్నకే జవాబు చెప్పాయి.

డబ్బు ఒక్కటే అడ్డంకి కాదు. ఇంగ్లిషు రానివారికి ఇంగ్లిషు పాఠం చెప్పి 'పనిచేయలేదు' అని రాసుకోవడం ప్రయోగం అనిపించుకోదు, అన్యాయం కూడా. కాబట్టి మలచని కార్యక్రమంతో నేరుగా పోల్చడం చాలాచోట్ల కుదరదు. కొందరు మరో దారి పట్టారు. కార్యక్రమాన్ని ముక్కలుగా విడదీసి ఏ ముక్క ఎంత పనిచేసిందో చూడటం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చాలాకాలంగా చేయించుకోని 613 మంది మెక్సికన్ మూలాల స్త్రీలతో టెక్సాస్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో నడిచిన 'అమీగాస్' అధ్యయనం అలాంటిది. కొందరికి ప్రొమొతోరా, వీడియో, బొమ్మల పలక మూడూ ఇచ్చారు. కొందరికి వీడియో తీసేశారు, కొందరికి పలక తీసేశారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఏమీ ఇవ్వనివారిలో దాదాపు పావువంతు పరీక్షకు వెళ్లారు. మూడూ అందినవారిలో సగానికి కాస్త పైన. ఏదో ఒకటి తగ్గినవారు ఆ రెంటి మధ్యా ఉన్నారు. ఇంటికి వచ్చి మాట్లాడిన మనిషి ఉంటే పలకో వీడియోనో లేకపోయినా చాలావరకు పని జరిగిందన్నమాట.

నేరుగా పోల్చిన అధ్యయనాలు ఎక్కువగా మానసిక ఆరోగ్య రంగంలో ఉన్నాయి. 2016లో గోర్డన్ హాల్ బృందం 78 అధ్యయనాలను, 13,998 మందిని కలిపి లెక్కగట్టింది. అందులో లాటినోలే కాక ఇతర జాతులవారూ ఉన్నారు. అదే కార్యక్రమపు మలచని రూపంతో పోల్చినప్పుడు మలిచినదానికి మధ్యస్థ స్థాయి ఆధిక్యం కనిపించింది. ఫీనిక్స్ బడుల ఫలితాన్ని దీని పక్కన పెడితే ఏకవాక్య తీర్పు ఇవ్వలేం. నా మటుకు నాకు రెండూ కలిసి చెబుతున్నది ఇది: భాషా, భయాలూ ఎక్కువగా అడ్డుపడే చోట, అంటే కొత్తగా వచ్చినవారిలో, ఇంట్లో స్పానిషే మాట్లాడేవారిలో, మలచడం వల్ల లాభం స్పష్టం. రెండు సంస్కృతుల మధ్య పెరుగుతున్న బడిపిల్లల్లో ఆ లాభం పలచబడుతుంది.

మూలానికి కట్టుబడాలా, మనిషికి సరిపోవాలా

అనుకూలీకరణను అనుమానించేవారంతా లాటినోల బాగు కోరనివారు కారు. కొలరాడో విశ్వవిద్యాలయంలో రుజువైన నివారణ కార్యక్రమాల జాబితాను నడిపిన డెల్ ఎలియట్, షారన్ మిహాలిక్ 2004లో ఒక గట్టి మాట అన్నారు. స్థానికంగా మార్చవలసిన అవసరాన్ని అతిగా చెబుతున్నారని, మార్చేకొద్దీ కార్యక్రమం బలం పోతుందని వారి వాదన. దానికి అనుభవమూ తోడే. ఊళ్లో ఉపాధ్యాయులు కష్టమైన అభ్యాసాలు తీసేసి తేలికైన ఆటలు ఉంచుకుంటారు, దానికి 'మా పిల్లలకు తగినట్టు మార్చాం' అని పేరు పెడతారు.

దీనికి ఫెలీపె కాస్త్రో, మాన్యుయెల్ బరేరా లాంటివారు చెప్పిన సమాధానం, గుండెకాయను ముందు గుర్తించమని. ఏది తీసేస్తే ఫలితం పోతుందో దాన్ని ముట్టుకోకూడదు, మిగతాది మార్చుకోవచ్చు. డెన్వర్‌లో మధుమేహం ఉన్న 280 మంది లాటినా స్త్రీలతో నడిచిన 'వీవా బియెన్' అలా చేసింది. మూలం మధ్యధరా ప్రాంతపు భోజన విధానం. చిక్కుళ్లు, కూరగాయలు, మంచి కొవ్వులు అనే సూత్రం ఉంచారు, వంటకాలు మాత్రం లాటిన్ అమెరికావి పెట్టారు. ఇక్కడ విడదీయడం తేలిక. కుటుంబాల విషయంలో అంత తేలిక కాదు. మయామీలో పుట్టిన 'ఫమీలియాస్ ఉనీదాస్' పిల్లల మత్తు అలవాట్ల నివారణకు తల్లిదండ్రులనే బృందాలుగా కూర్చోబెడుతుంది. ఇంగ్లిషు బడి లోకం పిల్లలకు తెలిసి పెద్దలకు తెలియక, ఇంట్లో పెద్దరికం తలకిందులవుతున్న చోట దాన్ని నిలబెట్టడం దాని గురి. మయామీ-డేడ్ ప్రభుత్వ బడుల్లో 746 మంది ఎనిమిదో తరగతి పిల్లల కుటుంబాలతో పరీక్షిస్తే 30 నెలల తర్వాత కూడా మత్తు వాడకం పెరగకుండా ఆపినట్టు కనిపించింది. ఇందులో సంస్కృతి ఏది, కార్యక్రమం ఏది? రెండూ ఒకే పోగు. మొదటి నుంచి ఆ సమూహంలోనే పుట్టిన కార్యక్రమాన్ని 'మలిచినది' అనడం కూడా కుదరదు.

నేరమంతా సంస్కృతి మీదేనా?

మరో విమర్శ వామపక్షం వైపు నుంచి వస్తుంది, ఇంకా పదునుగా. లాటినా స్త్రీలు క్యాన్సర్ పరీక్షలకు వెళ్లరు, ఎందుకంటే అంతా దేవుడి చిత్తమని అనుకుంటారు అనేవారు పరిశోధకులు. దీనికి 'ఫతలిస్మో' అని పేరు పెట్టి ఎన్నో పత్రాలు రాశారు. ఆనా అబ్రాయిదో-లాన్సా, ఆమె సహచరులు 2007లో ఆ సాహిత్యాన్ని తిరగేసి ఒక లోపం పట్టుకున్నారు. ఆదాయం, చదువు, వైద్యం అందుబాటు లెక్కలోకి తీసుకోని అధ్యయనాలు పేదరికాన్నే విధివాదంగా కొలిచి ఉండవచ్చునన్నారు. బీమా లేని మనిషి పరీక్ష చేయించుకుని ఏదో ఉందని తెలుసుకుని ఏం చేయాలి? 'రాసిపెట్టి ఉంటే జరుగుతుంది' అనడం అలాంటిచోట నమ్మకం కాకపోవచ్చు, లెక్క కావచ్చు. అమెరికాలో బీమా లేనివారి శాతం లాటినోలలో తెల్లవారికంటే రెండింతలకు పైనే.

ఇదే తరహాలో 'కొత్త సంస్కృతిలో ఎంత కలిసిపోయారు' అని కొలిచే ప్రశ్నపత్రాల మీద కూడా విమర్శ ఉంది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ టీవీ చూస్తారు లాంటి డజను ప్రశ్నలతో ఒక మార్కు వేసి, ఆ మార్కుకూ ఊబకాయానికీ లంకె పెట్టేస్తారు. ఆ మార్కు భాషను కొలుస్తోందా, సంస్కృతినా, వలస వచ్చి ఎన్నేళ్లయిందన్నదాన్నా?

దీనికి సమర్థకులు ఇచ్చే జవాబూ వినదగినదే. బీమా ఇప్పించడం పాఠం రాసే నర్సు చేతిలో లేదు. ఆమె చేతిలో ఉన్నది పాఠం చెప్పే ఆ గంటన్నర. అయితే మంచి కార్యక్రమాలు ఈ విమర్శ తర్వాత మారాయి కూడా. ఉచిత పరీక్షా కేంద్రానికి బస్సు ఏదో చెప్పడం, పని వేళలు దాటాక తరగతి పెట్టడం, పిల్లలను చూసుకునే మనిషిని ఏర్పాటు చేయడం ఇప్పుడు అనుకూలీకరణలో భాగాలుగా రాస్తున్నారు. బెర్నాల్ ఎనిమిది అంశాల్లో చివరిదైన 'సందర్భం' 1995 నుంచీ అక్కడే ఉంది. దాన్ని నింపడానికే చాలాకాలం పట్టింది.

ఇదే ప్రశ్న 'ఆసియన్' గడిలో

అమెరికాలోని తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. వారు టిక్కు పెట్టే 'ఆసియన్' గడి లాటినో గడి కంటే విశాలం: చైనా, ఫిలిప్పీన్స్, వియత్నాం, గుంటూరు, కరీంనగర్ అన్నీ అందులోనే. దక్షిణాసియా వారిలో గుండెజబ్బులు, మధుమేహం సన్నగా ఉన్నవారికీ చిన్న వయసులోనే వస్తాయన్నది ఆ గడి సగటులో కొట్టుకుపోయింది. దాన్ని విడిగా చూడటానికి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో, షికాగోలో 2010లో మొదలైన అధ్యయనానికి పొట్టి పేరు 'మసాలా'. పై పొర అంటే ఏమిటో ఆ పేరే చెబుతుంది.

కేరళలో జరిగిన ప్రయోగం మరింత నేరుగా సంబంధించినది. ఫిన్లాండ్‌లో నడిచిన మధుమేహ నివారణ కార్యక్రమాన్ని తిరువనంతపురం జిల్లా పల్లెలకు మలిచారు. నిపుణుల బదులు ఊళ్లోనే శిక్షణ పొందినవారు బృందాలు నడిపారు, కుటుంబాలను కలిపారు, పెరటి కూరగాయల సాగు దాకా వెళ్లారు. 60 పోలింగ్ ప్రాంతాలు, 1,007 మంది. 2018లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్లకు మధుమేహం వచ్చినవారు కార్యక్రమం అందినచోట 14.9 శాతం, అందనిచోట 17.1 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కాదని గణాంకాల ప్రకారం చెప్పలేకపోయారు. పళ్లు, కూరగాయలు తినడం మాత్రం పెరిగింది, మద్యం తగ్గింది. పోలిక బృందంలో ఉన్నవారికి కూడా ఆరోగ్య సలహాల పుస్తకం ఒకటి ఇచ్చారు.